సిగ్నల్ ఫెయిలైతే బండి ఎందుకు ఆగుతుంది? – కొంత చరిత్ర



ప్రత్యేక సంచికకు సర్వీసు జ్ఞాపకాలు చాలా వచ్చాయనీ, డిపార్టుమెంటు చరిత్ర ఏదైనా ఉంటే వ్రాయమనీ మన కార్యదర్శిగారు కోరారు. నేను 1966లో సిగ్నల్ డిపార్టుమెంటులో అప్రెంటిసుగా చేరి 2004లో ఇన్‌స్పెక్టరుగా రిటైరయిన వాడిని. ఆ ముప్పై ఎనిమిదేళ్ళలో నేను అన్నిటికన్నా ఎక్కువసార్లు విన్న మాట "సిగ్నల్ ఫెయిల్యూరండీ, బండి డిటెన్షన్" అన్నదే. ఇప్పటికీ ఎక్కడో పొలాల మధ్య బండి ఆగిపోతే మా అల్లుడు నాకే ఫోను చేసి, "మామయ్యగారూ, మీ సిగ్నలేనట!" అంటాడు. రిటైరై ఇరవై ఏళ్ళు దాటినా ఆ సిగ్నల్ నాదే. కనుక ఈ విషయమే వ్రాయడం న్యాయమనిపించింది. ట్రాఫిక్, లోకో మిత్రులకు ఇందులో తెలిసినవి చాలా ఉంటాయి. రైల్వేతో సంబంధం లేని మన కోడళ్ళు, అల్లుళ్ళు, మనవలు కూడా చదువుతారని కొంచెం విడమరచి వ్రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. సిగ్నల్ చెడిపోవడం అంటే మా వాళ్ళ దృష్టిలో రెండు వేర్వేరు సంగతులు. చెడిపోయి ఎర్రగా నిలబడితే దానిని రైట్ సైడ్ ఫెయిల్యూర్ అంటాము. చెడిపోయి కూడా పచ్చగా కనబడితే రాంగ్ సైడ్ ఫెయిల్యూర్. మొదటి దానితో ప్రయాణీకులు విసుక్కుంటారు, పేపర్లో ఒక మూల వార్త పడుతుంది, కంట్రోలు వారు మాకు చీవాట్లు పెడతారు. రెండవది జరిగితే విసుక్కోవడానికి ప్రయాణీకుడే మిగలకపోవచ్చు. నూట యాభై ఏళ్ళకు పైగా మా శాస్త్రమంతా చేసిన పని ఏమిటంటే, ఏ చిన్న లోపం వచ్చినా అది మొదటి రకంగానే బయటపడేటట్లు చూడడం. అంటే మీ బండి ఆలస్యం చాలాసార్లు కావాలని కట్టిపెట్టిన ఆలస్యం. దీని వెనుక ఎంతమంది ప్రాణాలు పోయాయో చెప్పడానికే ఈ వ్యాసం.

మంచులో ఇరుక్కున్న రెక్క

రైళ్ళు వచ్చిన కొత్తలో సిగ్నల్ అంటే ఒక మనిషి, చేతిలో జెండా, రాత్రి అయితే దీపం. ఇంగ్లండులో రైల్వే పోలీసులే ఆ పని చేసేవారు. ఒక బండి వెళ్ళాక ఇన్ని నిమిషాలు ఆగి రెండవ బండిని వదలడమే పద్ధతి. ముందు బండి దారిలో ఆగిపోయిందో, అవతలి స్టేషను చేరిందో వెనుక వాడికి తెలిసే మార్గం లేదు. 1840ల ఆరంభంలో లండన్ – క్రోయిడన్ రైల్వేలో చార్లెస్ హట్టన్ గ్రెగరీ అనే ఇంజనీరు స్తంభానికి కదిలే రెక్క అమర్చాడు. మనమందరం ఎరిగిన సెమాఫోర్ సిగ్నల్ అదే. 1856లో జాన్ సాక్స్‌బీ పాయింట్లనూ సిగ్నళ్ళనూ ఒకదానితో ఒకటి ముడిపెట్టి ఇంటర్‌లాకింగ్‌కు పేటెంటు తీసుకున్నాడు.

అయితే ఆ రోజుల్లో రెక్క మామూలుగా "వెళ్ళవచ్చు" అనే స్థితిలోనే ఉండేది. అపాయం ఉంటేనే "ఆగు" అని పెట్టేవారు. 1876 జనవరి 21న ఇంగ్లండులోని అబాట్స్ రిప్టన్ దగ్గర విపరీతమైన మంచు కురిసింది. రెక్క స్తంభంలోని గాడిలోకి వాలి ఉండగా మంచు పేరుకుని బిగుసుకుపోయింది. కేబిన్‌లో సిగ్నల్‌మాన్ లివరు సరిగానే వేశాడు. తన లెక్కలో సిగ్నల్ "ఆగు" అని ఉంది. కాని బయట రెక్క కదలలేదు. పక్కకు తీస్తున్న బొగ్గు గూడ్సును స్కాట్లండు నుంచి వస్తున్న ఎక్స్‌ప్రెస్ పూర్తి వేగంతో గుద్దింది. ఆ శకలాల మీదికి ఎదుటి దిక్కు నుంచి మరొక ఎక్స్‌ప్రెస్ వచ్చి పడింది.

ఆ తరువాతనే ఆలోచన తలక్రిందులయింది. సిగ్నల్ సహజ స్థితి "ఆగు" కావాలి, "వెళ్ళు" అనడానికే ఎవరైనా పని చేయాలి. తీగ తెగితే, లివరు విరిగితే, మనిషి నిద్రపోతే రెక్క తనంత తానే అడ్డంగా నిలబడాలి. మన సెమాఫోర్ స్తంభానికి బరువు వ్రేలాడుతూ ఉండేది గుర్తుందా? అది ఉన్నది అందుకే.

రెండవ పాఠం ఐర్లండులో వచ్చింది. 1889 జూన్ 12న ఆర్మా అనే ఊరి నుంచి పిల్లల విహారయాత్ర బండి ఒకటి ఎత్తు ఎక్కలేక ఆగిపోయింది. బండిని రెండు ముక్కలు చేసి ముందు ముక్కను తీసుకుపోదామనుకున్నారు. వెనుక పెట్టెలు జారి పల్లానికి పరుగెత్తాయి. నిమిషాల లెక్క ప్రకారం వెనుక వదిలిన బండి అప్పటికే ఎక్కి వస్తూ ఉంది. 80 మంది చనిపోయారు, వారిలో చాలామంది పిల్లలు. ఆ సంవత్సరమే బ్రిటిషు పార్లమెంటు చట్టం చేసి, ఇన్ని నిమిషాలు ఆగితే చాలు అనే పద్ధతిని తీసివేసి, అబ్సల్యూట్ బ్లాకును తప్పనిసరి చేసింది. ఒక బ్లాకు సెక్షన్లో ఒక సమయంలో ఒకే బండి. ముందు బండి అవతలి స్టేషనుకు పూర్తిగా చేరిందని రూఢి అయితే తప్ప రెండవ బండికి లైన్ క్లియర్ లేదు.

మన ప్రాంతంలో సికిందరాబాదు – వాడి లైను 1874లో వచ్చింది. నిజాము రైలు బెజవాడ దాకా వచ్చినది సరిగ్గా ఆ 1889లోనే. అంటే మన తాతల కాలంలో పడిన పట్టాలకు, సముద్రాల అవతల చనిపోయిన వారి పేరున పుట్టిన నియమాలు వచ్చి చేరాయి. జనరల్ రూల్స్ పుస్తకాన్ని పరీక్ష కోసం బట్టీ పట్టిన వాళ్ళమే గాని, ప్రతి రూలు వెనుక ఒక ప్రమాదం ఉంటుందని మాకు శిక్షణలో చెప్పిన వారు తక్కువ. సికిందరాబాదులో 1957 నవంబరు 24న ప్రారంభమైన సిగ్నల్ శిక్షణ సంస్థలో నాకు పాఠం చెప్పిన ఒక పెద్దాయన మాత్రం, రూలు చెప్పే ముందు ప్రమాదం చెప్పేవారు. ఆయన పుణ్యాన రూళ్ళు మరిచినా ప్రమాదాలు మరువలేదు.

తీగలు, దీపాలు, ఉక్కు గుండ్లు

నేను చేరిన 1966లోనే అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. నా మొదటి పోస్టింగు గుంటూరు వైపు మీటరు గేజి మీద. అక్కడ సిగ్నల్ ఫెయిల్యూరు అంటే ఎండా, వానా, పశువులూను.

లివరు దగ్గర నుంచి స్తంభం దాకా పుల్లీల మీద తీగ సాగి ఉండేది. డిస్టెంట్ సిగ్నల్ అయితే దాదాపు కిలోమీటరు తీగ. వైశాఖ మాసపు మధ్యాహ్నం ఆ తీగ వేడికి సాగి వదులయ్యేది. కేబిన్‌లో పాయింట్స్‌మాన్ లివరును బలమంతా పెట్టి లాగినా రెక్క పూర్తిగా వాలదు. మాఘమాసం తెల్లవారుజామున దానికి తారుమారు. తీగ బిగుసుకుని, ఎవరూ లాగకుండానే రెక్క కొంచెం వాలి కనిపించేది. రూలు ప్రకారం అలా అనుమానంగా వాలిన రెక్కను డ్రైవరు "ఆగు" గానే తీసుకోవాలి. అందుకని పొద్దునొకసారి, మధ్యాహ్నమొకసారి వైర్ అడ్జస్టరు తిప్పడం ఒక నిత్యపూజ. గేదె తీగను తొక్కితే ఒక ఫెయిల్యూరు. తుమ్మకొమ్మ విరిగి పడితే ఒక ఫెయిల్యూరు. కిరసనాయిలు దీపం గాలికి ఆరిపోతే మరొకటి, ఎందుకంటే రాత్రిపూట వెలగని సిగ్నల్ ఎర్ర సిగ్నల్‌తో సమానం. లాంపుమాన్ సాయంత్రం నిచ్చెన ఎక్కి పెట్టిన దీపం తెల్లవారేదాకా నిలవాలి. ఆ ఉద్యోగమే ఇప్పుడు లేదు. మన సంఘంలో లాంపుమాన్‌గా చేరి పైకి వచ్చిన వారు ఒకరిద్దరు ఉన్నారు, వారికి నా నమస్కారాలు.

సింగిల్ లైనులో నీల్స్ టోకెన్ యంత్రం ఉండేది. రెండు స్టేషన్ల యంత్రాలు ఒకదానికొకటి విద్యుత్తుతో కట్టి ఉంటాయి. రెండింటిలో కలిపి ఒక్క ఉక్కు గుండు మాత్రమే బయటికి వస్తుంది. ఆ గుండు చేతిలో ఉన్న డ్రైవరే ఆ సెక్షన్లోకి పోవాలి. ఆగని బండికి దానిని సంచిలో పెట్టి, బెత్తపు వలయానికి కట్టి అందించేవారు. ఫైర్‌మాన్ చేయి చాచి అందుకునేవాడు. చీకట్లో చెయ్యి తప్పితే బండి ఆపి, హ్యాండ్ లాంపు పట్టుకుని ముళ్ళకంపల్లో గుండు వెదకవలసిందే. ఒక్క గుండు కోసం ఇంత బండా అని ప్రయాణీకులు నవ్వేవారు. ఆ గుండు లేకుండా కదిలితే ఏమవుతుందో ఎదుటి స్టేషనులో కదలడానికి సిద్ధంగా ఉన్న బండి వాళ్ళను అడగాలి.

యంత్రమే చెడిపోతే పేపర్ లైన్ క్లియర్. ఇద్దరు స్టేషను మాస్టర్లు ఫోనులో ప్రైవేటు నంబర్లు ఇచ్చి పుచ్చుకుని, టి/సి 1425, టి/డి 1425 కాగితాలు వ్రాసి డ్రైవరుకు ఇచ్చేవారు. సిగ్నల్ చెడితే టి/369(3బి). ఈ నంబర్లు చూడగానే మన ఎస్.ఎం. మిత్రుల చేతివ్రేళ్ళు కదులుతాయని నాకు తెలుసు. ఎర్ర సిగ్నల్ దాటించడానికి ప్రతి బండికీ కాగితం వ్రాయాలి, మనిషి నడిచి వెళ్ళి ఇవ్వాలి, డ్రైవరు సంతకం పెట్టాలి, పాయింట్లకు క్లాంపు వేసి తాళం పెట్టాలి. దీనికి సమయం పడుతుంది. పట్టాలి కూడా.

పట్టాలే కాపలా కాస్తే

మా శాస్త్రంలో అతి గొప్ప పరికరం ఏదని అడిగితే నేను ట్రాక్ సర్క్యూట్ అంటాను. 1872లో అమెరికాలో విలియం రాబిన్సన్ దానికి పేటెంటు తీసుకున్నాడు. చూడటానికి ఏమీ ఉండదు. పట్టాల ముక్కను రెండు వైపులా ఇన్సులేషను పెట్టి వేరు చేస్తారు. ఒక చివర చిన్న బ్యాటరీ, మరొక చివర రిలే. కరెంటు ఒక పట్టా వెంట పోయి రిలేను పట్టి ఉంచి రెండవ పట్టా వెంట తిరిగి వస్తుంది. బండి వచ్చి నిలబడితే ఇనుప ఇరుసులే అడ్డదారి అవుతాయి, కరెంటు రిలేకు చేరదు, రిలే పడిపోతుంది, సిగ్నల్ ఎర్రబడుతుంది. ఇందులోని తెలివి ఏమిటంటే, బ్యాటరీ అయిపోయినా, తీగ తెగినా, పట్టాయే విరిగినా రిలే పడిపోతుంది. దేనివల్ల పడిందో దానికి తెలియదు. తెలియనప్పుడు ఎర్ర దీపం వేస్తుంది.

అందుకే ఆలస్యాలు. వానకాలంలో కంకర బురదతో నిండితే ఒక పట్టా నుంచి మరో పట్టాకు కరెంటు కారిపోతుంది, సిగ్నల్ ఎర్రన. చక్రాల రాపిడికి రాలిన ఇనుపరజను ఇన్సులేటెడ్ జాయింటు మీద చేరితే ఎర్రన. పాయింటు నాలుకకూ పట్టాకూ మధ్య ఒక్క కంకర రాయి ఇరుక్కుంటే ఎర్రన. పిడుగు పడితే, ఎలుక కేబులు కొరికితే, దొంగలు బ్యాటరీలు ఎత్తుకుపోతే ఎర్రన. ఈ మధ్య కాలంలో రోడ్డు పనుల వారి జె.సి.బి.లు కేబుళ్ళు తెంపడం ఎలుకలను మించిపోయిందని ఇప్పటి కుర్రవాళ్ళు చెబుతున్నారు.

ఒక్క సిగ్నల్ చెడితే ఇన్ని బండ్లు ఆలస్యమేమిటి అని చాలామంది అడుగుతారు. ఇది చిన్న లెక్క. బండ్లు 12 నిమిషాలకు ఒకటి వస్తున్నాయనుకుందాం. సిగ్నల్ చెడిన చోట కాగితం ఇచ్చి పంపడానికి ఒక్కొక్క బండికి 20 నిమిషాలు పడుతుందనుకుందాం. మొదటి బండికి 20 నిమిషాల ఆలస్యం. రెండవది వచ్చేసరికి మొదటిది ఇంకా పూర్తి కాలేదు, కనుక 28. మూడవదానికి 36. పదవ బండికి 92 నిమిషాలు. పదవ బండిలోని వాడికి ఏ సిగ్నలూ చెడలేదు, వాడు చేరేసరికి మేము బాగుచేసి వెళ్ళిపోయి ఉంటాము కూడా. విజయవాడ – గూడూరు వంటి రద్దీ లైనులో ఒక్క జాయింటు చెడితే చెన్నై దాకా టైమ్‌టేబుల్ చెదిరేది ఇందుకే.

నిమిషాల పంచాయితీ

ఇక్కడ మన ఇంటి గుట్టు ఒకటి చెప్పక తప్పదు. ప్రతి ఉదయం కాన్ఫరెన్సులో నిన్నటి ఆలస్యాల నిమిషాలను డిపార్టుమెంట్లకు పంచేవారు. ఇన్ని నిమిషాలు సిగ్నల్ వాళ్ళ అకౌంటు, ఇన్ని ఇంజనీరింగు వాళ్ళవి, ఇన్ని లోకో వాళ్ళవి. ట్రాక్ సర్క్యూట్ పడితే "సిగ్నల్" అని కంట్రోలు వారు, "జాయింటు మీది కాదు, పర్మనెంట్ వే వాళ్ళది" అని మేము, "రజను ఊడ్వవలసినది మీరే" అని వాళ్ళు. ఆస్తి పంపకాల్లో అన్నదమ్ములు కూడా అంత పోట్లాడుకోరు. దీనిలో హాస్యం ఉంది గాని, ప్రమాదం కూడా ఉంది. నిమిషాలు ఎవరి ఖాతాలో పడతాయో అన్న భయం, చివరికి స్టేషనులో ఒంటరిగా ఉన్న మెయింటైనరు మీద పడుతుంది.

పద్ధతి ప్రకారం అతడు ఏ గేరునైనా విప్పేముందు టి-351 డిస్కనెక్షన్ మెమో వ్రాసి స్టేషను మాస్టరు సంతకం తీసుకోవాలి. అది ఇచ్చిన క్షణం నుంచి ఆ పాయింటు, ఆ సిగ్నల్ లెక్కలో లేనట్లే, బండ్లన్నీ చేతి జెండాల మీద, కాగితాల మీద నడవాలి. బాగుచేసి, పరీక్షించి, రీకనెక్షన్ ఇచ్చాకనే మళ్ళీ మామూలు. మెమో ఇస్తే నిమిషాలు పెరుగుతాయి. మెమో ఇవ్వకుండా రిలే గదిలో ఒక తీగ ముక్క జంపర్ వేస్తే సిగ్నల్ చిటికెలో పచ్చబడుతుంది. ఆ ప్రలోభం ఎలాంటిదో మా డిపార్టుమెంటులో పనిచేసిన ప్రతివాడికీ తెలుసు.

1980లలో సంగతి ఒకటి చెబుతాను. స్టేషను పేరు వ్రాయను. డిసెంబరు నెల, తెల్లవారుజాము నాలుగున్నర. డౌన్ మెయిన్ లైనులో ట్రాక్ సర్క్యూట్ పడింది, మెయిల్ బండి హోమ్ సిగ్నల్ బయట నిలబడింది. నేను పక్క స్టేషనులో ఉండి ఫోనులో వింటున్నాను. కంట్రోలు నుంచి మెయింటైనరును తరుముతున్నారు. "ఏమయ్యా, మెయిల్ నిలబడి ఇరవై నిమిషాలయింది. తెలివిగల వాడివి, నీకు చెప్పాలా?" అంటే అర్థం జంపర్ వేయమని. అతడు, "సార్, బ్యాటరీ బాగుంది, రిలే బాగుంది, ఫీడు అవతలికి చేరడం లేదు. లైను చూసిగాని నేను ఏమీ చెయ్యను. మెమో ఇస్తున్నాను, వ్రాసుకోండి" అన్నాడు. చదువు పదవ తరగతి. గొంతు వణుకుతోంది గాని మాట మారలేదు. టార్చి లైటు పట్టుకుని, కీ మాన్‌ను వెంటబెట్టుకుని నడిచాడు. అయిదు వందల మీటర్లు పోయేసరికి చలికి పట్టా విరిగి, సందులో మూడు వ్రేళ్ళు పట్టేటంత ఎడం కనిపించింది.

ఆ రోజు మెయిల్‌కు గంటకు పైగా ఆలస్యం. కాన్ఫరెన్సులో ఆ నిమిషాలు మొదట సిగ్నల్ అకౌంటులోనే వేశారు. విరిగిన పట్టా ముక్క సంగతి తేలాక ఇంజనీరింగుకు మార్చారు. మెయింటైనరుకు అభినందన ఉత్తరం వచ్చింది, చాలా రోజుల తరువాత. ఇప్పుడు అతడు లేడు. అతని భార్యకు ఫ్యామిలీ పెన్షను వస్తున్నది, ఈ సంచిక వారింటికీ వెళుతుంది.

ఒక తీగ, రెండు దేశాలు

రాంగ్ సైడ్ ఫెయిల్యూరు గురించి చెబుతానన్నాను. 1988 డిసెంబరు 12 ఉదయం లండన్‌లోని క్లాపమ్ జంక్షన్ దగ్గర ఆఫీసులకు వెళ్ళే బండి ఒకటి, ముందు ఆగిన బండిని వెనుక నుంచి గుద్దింది. 35 మంది మరణించారు. అక్కడ పాత సిగ్నలింగు తీసి కొత్తది పెడుతున్నారు. రిలే గదిలో పని చేసిన టెక్నీషియన్ ఒక పాత తీగను పూర్తిగా కత్తిరించకుండా, కొసకు ఇన్సులేషను చుట్టకుండా వదిలాడు. తరువాత అదే గదిలో మరొక పని జరిగినప్పుడు ఆ తీగ కదిలి రిలేకు తగిలింది. పట్టాల మీద బండి ఉన్నా వెనుక సిగ్నల్ ఎర్రబడలేదు. విచారణ చేసిన ఆంథొనీ హిడెన్ అనే న్యాయవాది ఆ ఒక్క మనిషితో ఆగలేదు. ఆ టెక్నీషియన్‌కు 13 వారాలలో ఒక్కరోజు మాత్రమే సెలవు దొరికిందనీ, అతని పనిని వేరొకరు వచ్చి పరీక్షించలేదనీ వ్రాశాడు. ఓవర్‌టైము, రెస్టు, రోస్టరు అని మన యూనియన్లు అరిచినప్పుడు అది డబ్బు కోసమే అనుకున్న వారు ఆ నివేదిక చదివి ఉండవలసింది.

ముప్పై ఏళ్ళు దాటాక అదే పాఠం మన ఇంటికి వచ్చింది. 2022 మే 16న ఖరగ్‌పూర్ డివిజనులోని బాంక్రానయాబాజ్ స్టేషనులో తప్పు వైరింగు, కేబులు లోపం వల్ల సిగ్నల్ ఒక దారి చూపితే బండి మరొక దారిలోకి పోయింది. ప్రాణనష్టం లేదు. 2023 ఫిబ్రవరి 8న కర్ణాటకలో హోసదుర్గ రోడ్ స్టేషను దగ్గర సంపర్క్ క్రాంతి ఎక్స్‌ప్రెస్‌కు సిగ్నల్ ఒకటి, పాయింట్లు మరొకటి అయ్యాయి. లోకో పైలట్ కనిపెట్టి బండి ఆపాడు. ఆ రోజు ఆ బండి ఆలస్యమే అయి ఉంటుంది. లోపలి ప్రయాణీకులు ఎవరిని తిట్టుకున్నారో!

2023 జూన్ 2 సాయంత్రం ఒడిశాలోని బహనాగా బజార్. మన కోస్తా జిల్లాల వారు సగం మంది ఎక్కే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్. మెయిన్ లైనుకు సిగ్నల్ పచ్చగా ఉంది, పాయింటు లూపు లైనుకు ఉంది. గంటకు 128 కిలోమీటర్ల వేగంతో పోయి ఇనుప ఖనిజం గూడ్సును గుద్దింది. పడిన పెట్టెలు పక్కలైనులో పోతున్న హౌరా ఎక్స్‌ప్రెస్ చివరి పెట్టెలకు తగిలాయి. 290 మందికి పైగా చనిపోయారు. భద్రతా కమిషనరు విచారణలో తేలినది ఏమంటే, నార్త్ గుమ్టీలో ఎప్పుడో మార్చిన సర్క్యూట్‌లో తప్పు ఉంది, ఆ రోజు 94వ నంబరు గేటుకు ఎలక్ట్రిక్ బారియరు మార్చే పనిలో ఆ తప్పు ప్రాణాంతకమయింది. బాంక్రానయాబాజ్ తరువాత సరిదిద్దే చర్యలు తీసుకుని ఉంటే బహనాగా జరిగేది కాదని కూడా ఆ నివేదికలోనే ఉంది. ఆ వాక్యం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ప్రమాదం ఏడాది ముందే వచ్చి తలుపు తట్టి వెళ్ళిందన్నమాట.

మరి అయిదు నెలలకు మన విజయనగరం జిల్లాలోనే. 2023 అక్టోబరు 29 ఆదివారం రాత్రి, కంటకాపల్లి – అలమండ మధ్య, విశాఖ నుంచి పలాస వెళ్ళే పాసింజరును వెనుక నుంచి రాయగడ పాసింజరు గుద్దింది. 14 మంది మరణించారు. ఇక్కడ సిగ్నల్ అబద్ధం చెప్పలేదు. ఆటోమేటిక్ సిగ్నళ్ళు చెడి ఉన్నాయి, అంటే మొదటి రకం, నిరపాయమైన ఫెయిల్యూరు. అలాంటప్పుడు రాత్రి అయితే సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఆగి, తరువాత సిగ్నల్ దాకా గంటకు 10 కిలోమీటర్ల వేగం మించకుండా, ముందు ఏదైనా కనబడితే ఆపగలిగేటట్లు పోవాలి. రాయగడ బండి రెండు చెడిన సిగ్నళ్ళను ఆ నియమం పాటించకుండా దాటిందని ప్రాథమిక విచారణ చెప్పింది. ఆ బండి లోకో పైలట్, సహాయకుడు ఇద్దరూ పోయారు. పోయిన వారి మీద మాట తూలడం నాకు ఇష్టం లేదు. ఒక్కటి మాత్రం మా డిపార్టుమెంటు వాడిగా ఒప్పుకుంటాను. సిగ్నల్ ఎర్రగా నిలబడగానే మా శాస్త్రం తన పని ముగిసిందనుకుంటుంది. ఆ తరువాత అంతా అలసిన మనిషి చేతిలో, చీకట్లో, ఒక కాగితం మీద ఉంటుంది. చెడిన సిగ్నల్ ఎంత ఎక్కువసేపు చెడి ఉంటే అంతమంది మనుషులు అంతసార్లు పొరపడకుండా ఉండాలి. కనుక రైట్ సైడ్ ఫెయిల్యూరే కదా అని మేము నిర్లక్ష్యంగా ఉండడానికి వీలులేదు.

ఇప్పుడు అందరూ అడిగేది కవచ్ గురించి. ఇది మన దగ్గర పెరిగిన బిడ్డే. 2016లో దక్షిణ మధ్య రైల్వేలోనే ప్రయాణీకుల బండ్ల మీద పరీక్షలు మొదలయ్యాయి. 2020లో దేశానికంతటికీ ప్రామాణికంగా తీసుకున్నారు. 2022 మార్చి 4న గుల్లగూడ – చిట్‌గిద్ద మధ్య రైల్వే మంత్రి ఇంజనులో కూర్చుని ఉండగా రెండు ఇంజన్లను ఎదురెదురుగా నడిపి చూపించారు. 2024 ఆరంభానికి మన జోనులో 1,465 కిలోమీటర్ల మేర, 144 ఇంజన్లకు అది ఉంది. డ్రైవరు ఎర్ర సిగ్నల్ దాటబోతే బ్రేకు అదే వేస్తుంది. కంటకాపల్లి వంటి చోట అది ఉంటే మేలు జరిగేదని నా నమ్మకం. బహనాగా సంగతి వేరు. కవచ్ తనకు తెలిసినదంతా స్టేషను ఇంటర్‌లాకింగును అడిగి తెలుసుకుంటుంది. ఇంటర్‌లాకింగే తప్పుచెబితే కవచ్ దానిని నమ్ముతుంది. రిలే గదిలో ఒక తీగను ఎవరు విప్పారు, ఎవరు కట్టారు, ఎవరు పరీక్షించి సంతకం పెట్టారు అన్న పాత ప్రశ్న పాతగానే ఉంది. బహనాగా తరువాత రైల్వే బోర్డు రిలే గదులకు రెండు తాళాలు సక్రమంగా ఉన్నాయో లేదో దేశమంతా తనిఖీ చేయించింది. ఒక తాళంచెవి స్టేషను మాస్టరు దగ్గర, ఒకటి సిగ్నల్ వారి దగ్గర. ఈ రెండు తాళాల నియమం మనం ఉద్యోగంలో ఉన్నప్పుడూ ఉన్నదే. తాళంచెవి రిజిస్టరులో సంతకం చేయమంటే "మీరు నన్ను నమ్మరా మాస్టారూ?" అని మా వాళ్ళు అలిగిన సందర్భాలు ట్రాఫిక్ మిత్రులకు బాగా గుర్తుండి ఉంటాయి.

ఇదంతా సిగ్నల్ వాడి వైపు కథ. నిమిషాల పంచాయితీలో అవతలి పక్షం వాదన కూడా వినవలసినదే. సెక్షన్ కంట్రోలర్లుగా, స్టేషను మాస్టర్లుగా పనిచేసిన మన సభ్యులు ఎవరైనా వచ్చే సంచికకు వ్రాస్తే, మెయిల్ బయట నిలబడి ఉండగా వారి బల్ల మీద ఏమి జరిగేదో నాకూ తెలుసుకోవాలని ఉంది. మరొక మనవి. పాత టి-351 పుస్తకాలు, టోకెన్ సంచులు, బెత్తపు వలయాలు ఎవరి అటక మీదనైనా ఉంటే పారవేయవద్దు. మన సంఘం గదిలో ఒక బీరువా ఖాళీగానే ఉంది.